మా ఇంటికి ట్రిప్పు వచ్చిన ఏడాది

పెళ్ళయ్యాక అత్తారింటికి కాపరానికి వెళ్ళింది నేను. మా ఆవిడ ఆ ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు. నాది విత్తనాల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం. ఇవాళ నరసరావుపేట వైపు పత్తి చేలల్లో ఉంటే రేపు ఒంగోలు దగ్గర మిరప తోటల్లో ఉంటాను. ఎటూ ఇంటిపట్టున ఉండని మనిషి కోసం ఇంటిపట్టున ఉండే మనిషిని కదిలించడం ఎందుకని పెద్దవాళ్ళు తేల్చేశారు. పైగా ఆవిడ వాళ్ళకి ఒక్కతే కూతురు. అలా చిలకలూరిపేట దాటాక ఒంగోలు రోడ్డు మీంచి లోపలికి తిరిగితే వచ్చే ఒక పల్లెలో, వెనక పెరడూ, పెరడు దాటితే మిరపకాయలు ఆరబోసే కళ్ళమూ ఉన్న డాబా ఇంట్లో నేను ఇల్లరికపుటల్లుడిగా స్థిరపడ్డాను.

ఇల్లరికం వెళ్ళేవాడికి అందరూ ఇచ్చే సలహా ఒకటే. నోరు తగ్గించుకోమంటారు. మా అమ్మ అదే చెప్పింది, మా నాన్న అదే చెప్పాడు, బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన అడక్కుండానే అదే చెప్పాడు. ఫ్రిజ్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

వెళ్ళిన మర్నాడే పొలం వైపు నడిచి వచ్చి, దాహంగా ఉంటే వంటింట్లోకి వెళ్ళాను. అప్పుడే తడిగుడ్డ పెట్టిన గచ్చు. ఎర్రటి పాతకాలపు ఫ్రిజ్, ఒంటి తలుపుది. పిడి పట్టుకోగానే లోపల ఎవరో కూర్చుని నా చేతిని మోచేతి దాకా గుంజినట్టయింది. నేను వెనక్కి తుళ్ళి పప్పుడబ్బాల మీద పడ్డాను.

అత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి పులుసు కలుపుతోంది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

"చెప్పులేసుకోలేదా బాబూ?" అంది.

అప్పుడు చూశాను. ఫ్రిజ్ ముందు ఒక జత నీలం రబ్బరు చెప్పులున్నాయి. మా అత్తయ్య వంటింట్లోకి చెప్పులతో దేవుడొచ్చినా రానివ్వదు. కానీ ఆ జతకి మాత్రం మినహాయింపు. అవి ఎవరివీ కావు, ఫ్రిజ్ చెప్పులు. మావయ్య కాలికి చిన్నవి, మా ఆవిడ కాలికి పెద్దవి. వాటిలో నిలబడి తలుపు తీసి, పని చూసుకుని, దిగి రావాలి.

"షాకు కొట్టిందండీ," అన్నాను.

"షాకు కాదు బాబూ. కాస్త జిల్లుమంటుంది, అంతే. షాకంటే మనిషి లేవకూడదుగా."

సాయంత్రం మా ఆవిడ స్కూలు నుంచి వచ్చాక ఈ మాట చెబితే నవ్వి, "మీకు చెప్పడం మర్చిపోయాను, మాకు అలవాటై," అని ఇల్లంతా తిప్పి చూపించింది. పెళ్ళికొడుక్కి చుట్టాలని పరిచయం చేసినట్టు ఒక్కో వస్తువునీ పరిచయం చేసింది. గ్రైండరు వానాకాలంలోనే కరుస్తుంది, చెక్కపీట మీద నిలబడి పిండి తియ్యాలి. గీజరు స్విచ్చు ఆపి, ప్లగ్గు కూడా పీకితే గాని కుళాయి ముట్టుకోకూడదు. పెరట్లో మోటారు స్టార్టరుని ఎండిన కందికట్టెతో నొక్కాలి. మావయ్య మాత్రం కట్టె వాడడు. ఏ వస్తువునైనా ముందు వెనకచేత్తో తాకి చూస్తాడు. అరచేత్తో పట్టుకుంటే కరెంటు మనిషిని పట్టేస్తుందట, వెనకచేత్తో తాకితే తోసేస్తుందట. అది ఆయన విద్య. ఊళ్ళో కొంతమందికి నేర్పాడు కూడా.

మనిషి దేనికైనా అలవాటు పడతాడు. కొన్నాళ్ళకి నేను కూడా చెప్పుల్లోకి కాళ్ళు దూర్చకుండా ఫ్రిజ్ వైపు చూసేవాణ్ణి కాదు. ఇంటికి మా అమ్మానాన్నా వస్తే గుమ్మంలోనే, "ఫ్రిజ్ దగ్గర చెప్పులున్నాయి, వేసుకోండి," అని చెప్పేవాణ్ణి. మా నాన్న నన్ను ఎగాదిగా చూసి, "పూర్తిగా ఈ ఇంటివాడివైపోయావురా," అన్నాడు.

మా అమ్మాయి పుట్టి పాకడం మొదలెట్టేదాకా అలాగే నడిచింది.

పాకే పిల్లలకి ఇంట్లో ఒక చోటంటే ప్రాణం. మా అమ్మాయికి ఫ్రిజ్. ఎర్రగా ఉంటుంది, గుర్రుమంటుంది, అప్పుడప్పుడూ వొణుకుతుంది. హాల్లో దింపితే చాలు, గచ్చు మీద చేతులు టపటపలాడిస్తూ నేరుగా అటే పోయేది. ఒక ఆదివారం అది సరిగ్గా ఫ్రిజ్ దాకా వెళ్ళి చెయ్యి చాపేసరికి మా ఆవిడ పరుగున వచ్చి ఎత్తుకుంది. ఎత్తుకున్న మనిషి అలాగే నిలబడిపోయింది. 

అత్తయ్య కూడా భయపడింది గాని ఒప్పుకోలేదు. "రేపు పేటకి వెళ్ళి దీనికి కూడా చిన్న రబ్బరు చెప్పులు తెద్దాం," అంది.

"పాకే పిల్లకి చెప్పులు ఎక్కడ వేస్తావమ్మా? కాళ్ళకా, చేతులకా?" అంది మా ఆవిడ.

 ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్‌కి కబురు వెళ్ళింది.

ఆయనది మసీదు వీధి. ఊళ్ళో ఇళ్ళకీ పొలం మోటార్లకీ ఆయనే దిక్కు. అత్తయ్యని అక్కా అంటాడు, మావయ్యని బావా అంటాడు. పండక్కి సేమ్యా పంపిస్తాడు, మా ఇంట్లో ఆవకాయ కలిపిన రోజు వచ్చి ముద్ద తిని పోతాడు. ఆయన మాటకి ఎప్పుడూ రెండు కొనలుంటాయి. "రూలు ప్రకారం అయితే" అని మొదలెట్టి ఒకటి చెబుతాడు. వినేవాడి మొహం చూసి, "మన పద్ధతిలో అయితే" అని ఇంకోటి చెబుతాడు. వినేవాడు ఏది ఒప్పుకుంటే అది చేసి వెళ్ళిపోతాడు.

ముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకి చూశాడు. మూడు కాళ్ళుండాల్సిన ప్లగ్గుకి రెండే ఉన్నాయి.

"దీని మూడోకాలు ఏమైంది బావా?"

"గోడలో రెండే బెజ్జాలున్నాయి. ప్లగ్గుకి మూడున్నాయి. కోసేశాను," అన్నాడు మావయ్య.

"రూలు ప్రకారం ఆ మూడో కాలే ముఖ్యం. ఫ్రిజ్ ఒంట్లోకి కరెంటు దిగితే ఆ దారిన భూమిలోకి పోతుంది. ఆ దారి లేదు కాబట్టి అక్క దారి పడుతోంది."

తర్వాత స్విచ్చు ఆపి గోడ బెజ్జంలో టెస్టరు పెట్టాడు. టెస్టరు లోపలి దీపం వెలుగుతూనే ఉంది. మళ్ళీ స్విచ్చు వేసి, ఆపి, పెట్టాడు. వెలుగుతూనే ఉంది. "స్విచ్చు కరెంటు వచ్చే ఫేజు వైరు మీద ఉండాలి, రూలు. ఇక్కడ తిరిగిపోయే న్యూట్రల్ మీద పెట్టారు. అంటే మీరు ఆపామనుకుంటారు, అది ఆగిందనుకోదు," అని మమ్మల్నందర్నీ చూసి, "ఇది ఎవరు బిగించారు?" అని అడిగాడు.

మావయ్య పెరట్లో ఏదో పని ఉన్నట్టు అటు నడిచాడు.

అంట్ల తొట్టి మీద, కుళాయి పక్కనే ఉన్న ప్లగ్గుని చూసి నాలిక్కరుచుకున్నాడు. గోడలో ఎర్తు వైరు ఉందో లేదో చూద్దామని బోర్డు విప్పాడు. ఉంది. పచ్చగా, కొత్తదానిలా ఉంది. ఎక్కడికి పోతోందో పట్టుకుని లాగితే మొత్తం చేతిలోకి వచ్చేసింది. అది జానెడు ముక్క. ఇల్లు కట్టిన రోజుల్లో ఎవరో చూపు కోసం పెట్టి వదిలేశారు.

ఇక ఆయన చేయాల్సినవన్నీ చెప్పాడు. పెరట్లో ఎర్తు గొయ్యి తియ్యాలి. వరండా బోర్డులో ఒక ట్రిప్పు పెట్టాలి, ఇంట్లో ఎక్కడ కరెంటు పక్కదారి పట్టినా రెప్పపాటులో అది మొత్తం ఆపేస్తుంది. వంటింట్లో పాత ప్లగ్గు తీసేసి, కుళాయికి చెయ్యి చాపినా అందనంత దూరంలో, స్విచ్చూ సాకెట్టూ జంటగా ఉండే కొత్త డబ్బా పెట్టాలి. ఆ సాకెట్టు బెజ్జాలకి లోపల మూతలుంటాయి. ప్లగ్గు మూడు కాళ్ళతో వస్తేనే తెరుచుకుంటాయి, పిల్ల పుల్ల పెట్టి పొడిచినా తెరుచుకోవు.

"మరి మన పద్ధతిలో అయితే?" అన్నాడు అప్పుడే తిరిగొచ్చిన మావయ్య ఆశగా.

"మన పద్ధతి వద్దు," అంది మా ఆవిడ. క్లాసులో పిల్లలకి చెప్పే గొంతుతో అంది. ఇద్దరు మగవాళ్ళూ బెంచీ మీద కూర్చున్నట్టు సర్దుకున్నారు.

గొయ్యి దగ్గర ఇంకో గొడవ. మావయ్య వాదన ఏమిటంటే, ఇల్లు భూమ్మీదే ఉంది కదా, మళ్ళీ ప్రత్యేకంగా భూమికి కలపడం ఏమిటి అని. ఆ ప్రశ్నకి ఎలక్ట్రీషియన్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. అత్తయ్యకి గొయ్యి మీద అభ్యంతరం లేదు గాని, పెరట్లో ఎక్కడ చూపించినా అక్కడ ఆవిడ మొక్క ఉంది. చివరికి కనకాంబరాల మడి పక్కన ఒప్పుకుంది. మనిషి లోతు తవ్వి, పైపు దింపి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ పోసి పూడ్చారు. మాది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చి నోరు తెరుస్తుంది. పైపు చుట్టూ మట్టి విడిపోతే ఎర్తు లేనట్టే, కాబట్టి దానికి నీళ్ళు పోస్తుండాలని ఆయన చెప్పాడు. ఆ మాటతో అత్తయ్యకి గొయ్యి మీద ఇష్టం కలిగింది. కనకాంబరాలకి పోసే నీళ్ళు దానికీ పోయొచ్చు.

అన్నీ బిగించాక అందరం వరండాలో నిలబడ్డాం. ఆయన ట్రిప్పు పైకి ఎత్తాడు. ఫ్యాను తిరిగింది. లైటు వెలిగింది. వంటింట్లోకి వెళ్ళి, ప్లగ్గుకి కొత్త మూడుకాళ్ళ తల బిగించి ఫ్రిజ్ పెట్టాడు.

టప్ మంది. ఇల్లంతా ఆగిపోయింది.

ఫ్రిజ్ పీకేసి మళ్ళీ ఎత్తాడు. నిలిచింది. గ్రైండరు పెట్టాడు. టప్. గ్రైండరు తీసేసి గీజరు వేశాడు. టప్. టీవీ పెడితే ఊరుకుంది. మిక్సీ పెడితే ఊరుకుంది. మావయ్య టీవీ వైపు, అత్తయ్య మిక్సీ వైపు చూసుకున్నారు, పరీక్ష పాసైన సొంత పిల్లల్ని చూసుకున్నట్టు.

"ఇది దేన్నీ బతకనిచ్చేట్టు లేదే. కొత్త కోడలొచ్చి అందరికీ వంకలు పెట్టినట్టుంది," అంది అత్తయ్య.

ఆ వారం మా ఇంట్లో పరిస్థితి చెప్పాలి. గ్రైండరు లేదు కాబట్టి ఇడ్లీ లేదు. ఫ్రిజ్ లేదు కాబట్టి పూటకి పూట కూర. మావయ్యకి చల్లని మజ్జిగ పడకపోతే మధ్యాహ్నం నిద్ర పట్టదు, ఆయన నిద్రపోకపోతే ఇంట్లో ఎవరికీ ప్రశాంతత ఉండదు. "ఇన్నేళ్ళూ ఎవరు పోయారని?" అని ఆయన రోజుకి ఎన్నిసార్లు అడిగాడో. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "మీ ఇంట్లో ఏదో మిషను పెట్టారట, ఇంట్లో ఉన్న మిషన్లన్నీ ఆగిపోయాయట," అని పరామర్శ చేసి పోయింది. అత్తయ్యకి అది తల కొట్టేసినట్టయింది.

శనివారం నేను పొలాలు తిరిగి త్వరగా ఇంటికి వచ్చాను. మా ఆవిడ ఇంకా స్కూలు నుంచి రాలేదు. వరండాలో స్టూలు మీద ఎలక్ట్రీషియన్ నిలబడి ఉన్నాడు, చేతిలో స్క్రూడ్రైవరు. కింద అత్తయ్యా మావయ్యా. నన్ను చూడగానే ముగ్గురూ దొంగ కోడిని వండుతూ దొరికినట్టు చూశారు.

"ఏం లేదు అల్లుడుగారూ," అన్నాడు ఆయన. "ఒక్క వైరు. ట్రిప్పుని తప్పించి నేరుగా కలిపేస్తాం. అది అక్కడే ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. నోరెత్తదు."

"అమ్మాయికి చెప్పక్కర్లేదు," అన్నాడు మావయ్య మెల్లిగా.

ఆ ఇంట్లో నేను అప్పటిదాకా దేనికీ అడ్డు చెప్పలేదు. కూర ఏం కావాలంటే ఏదైనా సరే అనేవాణ్ణి. పొలం కౌలు విషయం అడిగినా మీ ఇష్టమండీ అనేవాణ్ణి. అల్లుడు బంగారమని అత్తయ్య ఊరంతా చెప్పుకునేది. కానీ లోపల మా అమ్మాయి హాల్లో చాప మీద పడుకుని ఉంది. ఇంకాసేపట్లో లేస్తుంది. లేస్తే ఎటు పోతుందో నాకు తెలుసు.

"వద్దండి," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అత్తయ్య, "ఏమిటి బాబూ?" అంది, నిజంగానే వినపడనట్టు.

"దాన్ని కలపొద్దండి. ఫ్రిజ్‌లో లోపముంటే ఫ్రిజ్ బాగుచేయిద్దాం. రేపు నేనే పేటకి తీసుకెళతాను. దీని నోరు మూసేస్తే పిల్ల మళ్ళీ అటే పోతుంది."

 ఎలక్ట్రీషియన్ స్టూలు దిగి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ, "రూలు ప్రకారం అల్లుడుగారి మాటే నిజం," అని, ఇంకో మాట అడిగే అవకాశం ఎవరికీ ఇవ్వకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట అన్నాల దగ్గర అత్తయ్య నాతో మాట్లాడలేదు. "అన్నం పెట్టుకోమనవే," అంది కూతురితో. "మజ్జిగ చల్లగా లేదు, ఆయనకి పట్టింపు లేదేమో అడుగు," అంది. నేను మా ఆవిడకి జవాబు చెబితే, మా ఆవిడ వాళ్ళమ్మకి చెప్పేది. అందరం చెయ్యి చాపితే తగిలేంత దూరంలోనే కూర్చున్నాం. సంగతంతా తెలిశాక మా ఆవిడ నా కంచంలో నేను అడక్కుండానే ఇంకో అప్పడం వేసింది.

మర్నాడు ఫ్రిజ్‌ని ట్రాలీ ఆటోలో ఎక్కించి, అది కదలకుండా పట్టుకుని నేను వెనక నిలబడి చిలకలూరిపేట వెళ్ళాను. దారిలో నాకు తెలిసిన రైతులందరూ తగిలారు. కొత్త రకం విత్తనమా అని ఒకాయన అడిగాడు. మెకానిక్ దాన్ని బోర్లా తిప్పి చూసి నవ్వాడు. వెనక మోటారు దగ్గర వైరుని ఎలుకలు కొరికేశాయి. లోపలి రాగి బయటపడి ఇనప ఒంటికి ఆనుకుని ఉంది. ఇన్నేళ్ళూ మా ఫ్రిజ్ బతికున్న కరెంటు తీగని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మేం చెప్పులేసుకుని దానికి మర్యాద చేశాం. ఆయన కొత్త వైరు వేసి, రంగు పోయిన చోట తుడిచి ఇచ్చాడు. గ్రైండరుదీ గీజరుదీ కూడా అదే వారంలో పని చూశారు. గీజరు లోపలి రాడ్డు చిట్లిందన్నారు, మార్చేశారు.

ఫ్రిజ్ ఇంటికొచ్చాక పెట్టి ట్రిప్పు ఎత్తితే నిలిచింది. ఎలక్ట్రీషియన్ టెస్టరు పెట్టి చూపించాడు, వెలగలేదు. అయినా ఒట్టికాళ్ళతో ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. మావయ్య వెనకచేతిని సిద్ధం చేసుకున్నాడు గాని చాపలేదు. నన్ను చూశాడు. నేను ఫ్రిజ్‌ని చూశాను.

అప్పుడు అత్తయ్య అంట్ల తొట్టి దగ్గర్నించి వచ్చింది. తడి చేతులు, తడి కాళ్ళు. "తప్పుకోండి, మగవాళ్ళు మీరూనూ," అని చెప్పుల్ని కాలితో పక్కకి నెట్టి, రెండు చేతులతోనూ పిడి పట్టుకుంది.  అత్తయ్య కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, తల వంచి, ఫ్రిజ్ ఒంట్లోంచి ఏదన్నా వినపడుతుందేమోనన్నట్టు చూసింది.

"ఏమీ అనట్లేదు," అంది. ఆ గొంతులో కాస్త నిరాశ కూడా ఉందనిపించింది నాకు. తర్వాత లోపల్నించి మజ్జిగ గిన్నె తీసి, నా చేతికే ఇచ్చి, "తాగండి బాబూ. ఎండన పడి తిరిగారు," అంది. అలా మా మధ్య లైను మళ్ళీ కలిసింది.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. మాఘమాసం వచ్చింది. మిరపకాయ కోతలు మొదలై కళ్ళం ఎర్రగా నిండింది. మావయ్య రాత్రిళ్ళు కాయల కాపలాకి కళ్ళంలోనే మంచం వేసుకునేవాడు. ఆ రోజుల్లోనే ట్రిప్పు మళ్ళీ పడడం మొదలెట్టింది. రోజంతా బాగానే ఉండేది. సరిగ్గా తెల్లారేముందు, మంచు బాగా దిగే వేళకి టప్ మనేది. పొద్దెక్కాక ఎత్తితే నిలిచేది.

ఎలక్ట్రీషియన్ వచ్చి అన్నీ వెతికాడు, ఏమీ దొరకలేదు. మావయ్య మాత్రం దొంగని పట్టేశాడు. "మీ అమ్మ మిక్సీ," అన్నాడు కూతురితో. "అది పాతదైపోయింది. రాత్రంతా లోపల ఏదో చేస్తోంది."

"ప్లగ్గు పీకేసిన మిక్సీ ఏం చేస్తుందయ్యా?" అంది అత్తయ్య.

"దాని సంగతి నీకు తెలీదు."

అత్తయ్య మిక్సీని వెనకేసుకొస్తూ నాలుగు మాటలంది గాని, అప్పట్నించి ఆవిడ కళ్ళు వేరేగా పనిచేయడం మొదలెట్టాయి. మావయ్య కాయల బస్తాలు లారీకెత్తించుకుని గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళి, అక్కడే తెలిసినవాళ్ళింట్లో ఆగాడు. కళ్ళం కాపలాకి పాలేరు పడుకున్నాడు. ఆయన లేని రోజుల్లో ట్రిప్పు పడలేదు. తిరిగొచ్చిన మర్నాడే పడింది.

"బాబూ," అంది అత్తయ్య నాతో, కాఫీ ఇస్తూ. "మీ మావయ్య ఊళ్ళో లేకపోతే కరెంటు నిలకడగా ఉంటోంది. గమనించారా?"

నేను వేళాకోళమనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మర్నాడు తెల్లారుతుండగా టప్ మంది. నేను లేచేసరికి అత్తయ్య అప్పటికే పెరట్లో ఉంది. తలమీద కొంగు కప్పుకుని, మంచులో గోడ పొడుగునా మెల్లగా నడుస్తోంది. స్నానాల గది కిటికీ దగ్గర ఆగి నన్ను పిలిచింది. గీజరు ప్లగ్గు వెనకనుంచి ఒక సన్నటి వైరు కిటికీ సందులోంచి బయటికొచ్చి, గోడ దిగి, గోరింట చెట్టు కొమ్మల్లోంచి దూరి కళ్ళంలోకి పోయింది. అక్కడొక కర్రకి కట్టిన బల్బు. మధ్యలో రెండు చోట్ల ముడులు. ముడులకి యూరియా బస్తా లోపలి కవరు చుట్టి పురికొసతో కట్టారు. కవరులోంచి మంచునీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

మావయ్య మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. మేం రావడం చూశాడు. లేవలేదు.

"ఏమిటయ్యా ఇది?" అంది అత్తయ్య.

"లైటు."

"అది కనపడుతోంది. వైరు ఎక్కణ్ణించి లాగావు?"

"ఇంట్లోంచే. కాయలకి వెలుతురుండొద్దూ?"

"మరి పాలేరుకి వెలుతురు అక్కర్లేదా?"

"వాడికి బ్యాటరీ లైటు చాలుతుంది. వైరు నేనున్న రాత్రిళ్ళే తగిలిస్తాను, తెల్లారాక తీసేస్తాను."

"తమ్ముడు వచ్చి ఇల్లంతా వెతికినప్పుడు ఈ సంగతి చెప్పలేదేం?"

మావయ్య దుప్పటి సర్దుకున్నాడు. "వాడు ఇంటి కరెంటు గురించి అడిగాడు. ఇది కళ్ళం కరెంటు."

 ఆయన మిక్సీని అన్న మాటలన్నీ అత్తయ్య మొహంలో వరసగా కనపడ్డాయి. "అయితే ఇవాళ కళ్ళం కాఫీ తాగు," అని వెనక్కి తిరిగింది. నేను ఎటు నిలబడాలో తెలియక, ముందు వెళ్ళి ఆ ప్లగ్గు పీకేశాను. తిరిగి వచ్చేసరికి మావయ్య మంచం దిగి ముడుల దగ్గర నిలబడి ఉన్నాడు. "నేనే కట్టాను," అన్నాడు నాతో, చేతిపని బాగా లేదని మొదటిసారి చూస్తున్నట్టు. "ఇటేపు కుక్కలూ గేదెలూ తిరుగుతాయి. చెట్టు కింద పిల్లని ఆడించేది కూడా ఇక్కడే కదూ?"

"అవునండి," అన్నాను.

 మావయ్య వైరు మొత్తం చుట్టచుట్టి భుజాన వేసుకుని తనే మసీదు వీధికి నడిచాడు. ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కళ్ళమంతా తిరిగి చూసి, "రూలు ప్రకారం అయితే బావా, పైపులో పెట్టి భూమిలోంచి తీసుకెళ్ళాలి. మూతున్న డబ్బాలో విడిగా స్విచ్చు పెట్టాలి, వాన పడినా తడవకుండా. మన పద్ధతిలో అయితే..." అని మొదలెట్టాడు.

"ఆ మొదటిదే చెయ్యి," అన్నాడు మావయ్య. "రెండోది చెప్పకు."

ఎలక్ట్రీషియన్ ఒక్క క్షణం తెల్లబోయాడు. అలవాటు తప్పిన మనిషిలా గొంతు సవరించుకుని పనిలోకి దిగాడు. పైపు కోసం గాడి మావయ్యే తవ్వాడు. అత్తయ్య ఇద్దరికీ కాఫీ పంపింది. మావయ్య గ్లాసులో చక్కెర వెయ్యలేదని ఆయన తాగాక చెప్పాడు.

ట్రిప్పు మీద ఒక చిన్న గుండీ ఉంటుంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి నెలకోసారి నొక్కి చూడమని ఎలక్ట్రీషియన్ చెప్పి వెళ్ళాడు. ఆ పని అత్తయ్య తీసుకుంది. మా ఆవిడ గుర్తు చేయక్కర్లేదు, నేను గుర్తు చేయక్కర్లేదు. మావయ్య టీవీలో యార్డు ధరలు చూస్తుండగా, సరిగ్గా తేజ రకం మిరప రేటు చెప్పే సమయానికి ఆవిడకి ఆ పని గుర్తొచ్చేది. టప్ మనేది. "పనిచేస్తోంది," అని వరండాలోంచి వినపడేది. ఇప్పుడు పక్కింటివాళ్ళూ, ఎదురింటివాళ్ళూ ఏదన్నా జిల్లుమంటే ముందు అత్తయ్యకి చెబుతున్నారు. ఆవిడ వెళ్ళి ప్లగ్గు పీకి, కాళ్ళు లెక్కపెట్టి వస్తుంది.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రం పెద్ద గాలిదుమారం లేచింది. అందరం కళ్ళంలోకి పరిగెత్తి మిగిలిన కాయల మీద పట్టాలు కప్పి, రాళ్ళు పెట్టి, కళ్ళనిండా దుమ్ముతో వరండాలోకి వచ్చి పడ్డాం. అప్పుడే కరెంటు పోయింది. అత్తయ్య, మా ఆవిడ, నేను, ముగ్గురమూ ఒకేసారి మావయ్య వైపు తిరిగాం.

"నా వైపు చూడకండి," అన్నాడు ఆయన, తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ. "ఊరంతా పోయింది."

మా ఆవిడ గేటు దాకా వెళ్ళి వీధి అటూ ఇటూ చూసి వచ్చింది. నిజమే. ఎక్కడా దీపం లేదు. మసీదు వీధి వైపు కూడా చీకటి. మావయ్య చాలా తృప్తిగా అరుగు మీద కూర్చున్నాడు. తొలి చినుకులు పడ్డాయి. మా అమ్మాయి తడబడే అడుగులతో వరండా చివరికి నడిచి, ఆ చినుకులకి చెయ్యి చాపింది. ఎవరూ వద్దనలేదు.